శిక్షకుడును ఆటగాండ్రును : ఇండియానా వివాదము

సాయంకాలము మైదానమున బంతియాట జరుగుచుండగా గీతకు వెలుపల నిలుచువారు ఆటను మాత్రమే చూడరు. శిక్షకుడు ఒక బాలుని గద్దించిన యెడల, తగిన పనియే చేసెనని యొకరును, పిల్లవాని నంత మాట యనవచ్చునా యని మరియొకరును వాదింతురు. అమెరికా దేశమందలి ఇండియానా రాష్ట్రములో ఇట్టి వాదమే ముప్పది యేండ్లకు దగ్గరగా నడచి, తుదకొక విశ్వవిద్యాలయమును రెండు పక్షములుగా చీల్చెను. దానిని మేమిచట కొంత విపులముగా పరిశీలింప దలచితిమి.

బాస్కెట్‌బాలు బడిలో పుట్టిన యాట. 1891వ సంవత్సరము డిసెంబరు నెలలో మసాచుసెట్సు రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున, వై.ఎం.సి.ఏ. వారి శిక్షణశాలలో జేమ్సు నైస్మిత్ అను ఉపాధ్యాయుడు, చలికాలమున బయట నాడలేని విద్యార్థుల కొరకు రెండు పండ్ల గంపలను ఎత్తున తగిలించి, 13 నియమములు వ్రాసి, దీనిని కల్పించెను. ఆ సంఘమువారే 1920లో మద్రాసు నగరమున వ్యాయామోపాధ్యాయుల కళాశాలను స్థాపించిరి. నైస్మిత్ పిమ్మట కాన్సాసు విశ్వవిద్యాలయపు జట్టునకు శిక్షకుడై 55 ఆటలు గెలిచి 60 ఓడెను. ఆ విశ్వవిద్యాలయపు శిక్షకులలో గెలుపులకంటె ఓటములు మిక్కిలిగా గలవాడు ఆట కనిపెట్టిన యాయన యొక్కడే! ఆయన దీనికై సిగ్గుపడినట్లు మేమెచ్చటను చదువలేదు.

ఇక ఇండియానా కథ. బాబ్ నైటు 1971లో ముప్పది యేండ్ల ప్రాయమున ఇండియానా విశ్వవిద్యాలయపు జట్టునకు శిక్షకుడుగా వచ్చెను. 1976, 1981, 1987 సంవత్సరములలో ఆ జట్టు జాతీయ విజేత యయ్యెను. 1976లో ఆడిన 32 ఆటలలో ఒక్కటియు నోడలేదు. 1984వ సంవత్సరపు ఒలింపిక్ క్రీడలలో స్వర్ణపతకము గెలిచిన అమెరికా జట్టునకును ఆయనయే శిక్షకుడు. తన యాటగాండ్రు తరగతులకు పోవలెననియు, పట్టము పుచ్చుకొనవలెననియు ఆయన పట్టుపట్టెడివాడు. 1981 విజేతలలో నొకడగు లాండన్ టర్నరు ఆ వేసవిలోనే మోటారు ప్రమాదమున అవయవములు చచ్చుపడి మంచము పట్టగా, నైటు వానిని విడువక, వైద్యమునకు ధనము ప్రోగుచేయించెను. అభిమానులు ఈ సంగతిని నేటికిని చెప్పుకొందురు, చెప్పుకొనదగినదే.

అయితే ఆయన కోపమును అంత ప్రసిద్ధమే. 1985 ఫిబ్రవరి 23వ తేదీన పర్డ్యూ జట్టుతో ఆడునపుడు రెఫరీల తీర్పునకు కినిసి, ఒక కుర్చీని మైదానమునకు అడ్డముగా విసరివేసెను. జనులు దానిని వినోదముగా చెప్పుకొనిరి. కుర్చీ యందరికిని కనబడినది. అభ్యాసశాల తలుపులు మూసికొన్న పిమ్మట లోపల జరుగునది కనబడదు. 2000వ సంవత్సరము మార్చి నెలలో నీల్ రీడు అను పూర్వపు ఆటగాడు, 1997లో ఒక యభ్యాస సమయమున శిక్షకుడు తన మెడ పట్టుకొనెనని బహిరంగముగా చెప్పెను. నైటు కాదనెను. అభిమానులలో ననేకులు రీడును అబద్ధీకుడనిరి. ఏప్రిలు నెలలో ఆనాటి చలనచిత్రము టెలివిజనులో చూపబడినది. అందు శిక్షకుని చేయి బాలుని మెడమీదనే యున్నది.

చిత్రము చూచిన పిమ్మటనైనను వాదము సమసిపోవలెను గదా! సమసిపోలేదు. దాని రూపము మాత్రము మారెను. "అట్లు జరుగలేదు" అన్నవారే "జరిగిన నేమి? రెండు మూడు క్షణములే గదా" యనసాగిరి. మే నెలలో విశ్వవిద్యాలయాధ్యక్షుడు మైల్సు బ్రాండు, ఇక నొక్క తప్పునైనను సహింపమని కట్టడి చేసెను. సెప్టెంబరులో ఒక విద్యార్థి గౌరవవాచకము లేక వట్టి యింటిపేరుతో పలుకరింపగా, నైటు వాని చేయి పట్టుకొని మర్యాదను గూర్చి మందలించెను. 10వ తేదీన ఆయనను పదవినుండి తొలగించిరి. ఆ రాత్రి వేలకొలది విద్యార్థులు అధ్యక్షుని యింటిమీదికి వెడలిరి.

నైటు పక్షమువారి వాదములలో బలమైనది, ఆయన వద్ద నాడినవారు పెక్కుమంది ఆయనను ప్రేమించిరనుట. ఇది నిజమే. కాని సాక్ష్యము చెప్పినవారెవరు? నిలిచినవారు. విడిచిపోయిన వారిని పిలిచి యడిగినవారు అరుదు. మరియు ఎవరాడవలెనో ఎవరు బల్లమీద కూర్చుండవలెనో నిర్ణయించువాడు శిక్షకుడు. విద్యార్థివేతనమును చాలమట్టునకు ఆయన చేతిలోనిదే. ఆ కాలపు నియమమును బట్టి వేరొక కళాశాలకు పోయిన యాటగాడు సామాన్యముగా ఒక సంవత్సరము పోటీలకు దూరముగా నుండవలెను. ఇట్టి స్థితిలోనున్న యిరువది యేండ్ల బాలుడు ఊరకుండినంత మాత్రమున ఒప్పుకొనెనని మేము తలపజాలము. టర్నరునకు చేసిన మేలు టర్నరు లెక్కలోనిది. దానిని రీడు లెక్కలో జమకట్టుటకు వీలులేదు.

గట్టిచేయి లేనిదే గెలుపు లేదనువారికి, ఇండియానాలోనే పుట్టిన జాన్ వుడెను జ్ఞప్తికి రావలెను. ఆయన 1948 మొదలు 1975 వరకు లాస్ ఏంజెలీసులోని యు.సి.ఎల్.ఏ. జట్టునకు శిక్షకుడై, కడపటి పండ్రెండేండ్లలో పదిమారులు జాతీయ విజయము నొందెను. 1974–75లో ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఆయన యభ్యాసశాలలో కూర్చుండి, ఆయన పలుకులను చేష్టలను 2,326 లెక్కవ్రాసిరి. అందు నూటికి డెబ్బదియైదు వంతులు, ఏమి చేయవలెను, ఎట్లు చేయవలెను అను బోధనయే. పొగడ్త నూటికి ఏడు వంతులకు లోపు. కోపపు మాటయు నంతే. తప్పు చేసిన బాలునికి మొదట సరియైన విధమును చూపి, వాడు చేసిన తప్పును చూపి, మరల సరియైనదానిని చూపెడివాడు. సంవత్సరారంభమున మేజోళ్లు ముడతలు లేకుండ తొడుగుకొనుట కూడ నేర్పెడివాడు, పాదములు బొబ్బలెక్కకుండుటకై. ఆయన మెత్తనివాడు కాడు. బిల్ వాల్టను అంతటి మేటి యాటగాడు జుట్టు కత్తిరించుకొననన్నపుడు, "నీవు లేని కొరత మాకు తెలియును" అను భావము వచ్చునట్లు పలికి యూరకుండెను; వాల్టను వెంటనే సైకిలెక్కి మంగలి యొద్దకు పరుగెత్తెను. ఆయన కాలమున ధనికుడగు నొక యభిమాని ఆటగాండ్రకు కానుకలిచ్చెడివాడను నింద కలదు గనుక, వుడెను పాలన మచ్చలేనిదని మేమనము. మేమడుగునది యొక్కటే : మెడ పట్టుకొనకయే పదిమారులు గెలువవచ్చునని తెలిసిన పిమ్మట, గెలుపును సాకుగా చెప్పుట యెట్లు?

రీడు ఇండియానా విడిచి వేరొక విశ్వవిద్యాలయమున ఆడి, పిమ్మట క్యాలిఫోర్నియాలో నొక యున్నత పాఠశాలలో ఉపాధ్యాయుడై బాలురకు ఆటలు నేర్పెను. నైటు ఇరువది యేండ్లవరకు తన పాత మైదానమున అడుగిడక, 2020 ఫిబ్రవరి 8వ తేదీన, వృద్ధుడై, తన పూర్వ శిష్యులు చుట్టు నడువగా అచటికి మరల వచ్చెను. జనులందరు లేచి నిలిచి కేకలు వేసిరి. కన్నీరు పెట్టినవారును గలరు. మూడేండ్లకు పైబడి, 2023 నవంబరు 1వ తేదీన ఆయన కాలధర్మము నొందెను. ఆ ఫిబ్రవరినాడు వచ్చిన శిష్యులలో నీల్ రీడు లేడు. అతడు 2012లోనే, 36వ యేట, గుండెపోటుచే మరణించి యుండెను.