తపాలా బిళ్లపై పంట చేను

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో కర్ణాటక సరిహద్దును ఆనుకొని న్యాల్‌కల్ మండలం ఉన్నది. ఇక్కడికి ఉత్తరం వ్రాసేవారు చిరునామాలో జిల్లా పేరును రెండుసార్లు మార్చవలసి వచ్చింది. 1956 వరకు న్యాల్‌కల్ బీదరు జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో మెదక్ జిల్లాలోనికి, 2016లో సంగారెడ్డి జిల్లాలోనికి వచ్చింది. నిజాము కాలపు హైదరాబాదు సంస్థాన తపాలా బిళ్లలలో ఉర్దూ, ఆంగ్లాలతోపాటు తెలుగు, మరాఠీ అక్షరాలున్నవి కూడా ఉండేవి. నేటి బిళ్లలపై సాధారణంగా హిందీ, ఆంగ్ల లిపులే కనిపిస్తాయి. ఆ రెండు లిపులూ రాని రైతుతో తపాలా బిళ్ల మాట్లాడాలంటే బొమ్మ ఒక్కటే దారి.

ఆ బొమ్మకు లభించే స్థలమెంత? మన స్మారక తపాలా బిళ్లలు చాలావరకు 3.91 సెంటీమీటర్ల పొడవు, 2.9 సెంటీమీటర్ల వెడల్పు గలవి. దేశం పేరు, వెల, విషయం, సంవత్సరం అన్నీ అందులోనే ఇమడాలి. గోడపత్రంపై చెట్లను నరకవద్దని నాలుగు వాక్యాలు వ్రాయవచ్చును. బిళ్లపై నినాదానికి చోటుండదు. చిత్రకారుడు చెప్పదలచిన దానిలో ఒక్కదానిని మాత్రమే ఎన్నుకొని, మిగిలిన వాటిని వదలుకోవాలి. పర్యావరణాన్ని గురించిన బిళ్ల రూపొందించేవారికి ఎదురయ్యే అసలు చిక్కు ఇదే.

తెలుగునేలకు చెందిన ఒక పక్షి విషయంలో ఈ చిక్కు సులువుగా విడిపోయింది. దాని పేరు కలివి కోడి. కడప జిల్లా ముళ్లపొదల నేలలో రాత్రిపూట సంచరించే ఈ పక్షిని శాస్త్రలోకం 1848లో గుర్తించింది. 1900 తరువాత అది ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయినదనే పండితులు తలచారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు కడప జిల్లా రెడ్డిపల్లి సమీపంలో స్థానిక వేటగాని సహాయంతో దానిని మరల కనుగొన్నారు. పట్టి తెచ్చిన ఆ పక్షి బ్రతకలేదు గాని, జాతి బ్రతికి ఉన్నదని లోకానికి తెలిసింది. 1988లో తపాలా శాఖ కలివి కోడి చిత్రంతో ఒక రూపాయి బిళ్లను విడుదల చేసింది. శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడినది కూడా ఆ సంవత్సరమే. తరువాతి కాలంలో తెలుగుగంగ కాలువ ఆ పక్షి ఆవాసం మీదుగా పోకుండా దాని మార్గాన్ని మార్చవలసి వచ్చింది. ఇదంతా బిళ్ల చేసిన పని అనుట అతిశయోక్తి. అందుకు పరిశోధకులు, న్యాయస్థానాలు, అటవీశాఖ ఎంతో శ్రమించవలసి వచ్చింది. అయినప్పటికీ, కడప దాటి ఎవరూ ఎరుగని పక్షి రూపం ఆ బిళ్ల వలన దేశమంతటా తిరిగింది.

పక్షికి ముఖమున్నది, కన్నున్నది. 1976లో వెలువడిన వన్యప్రాణుల బిళ్లలపై సింహానికి, చిరుతకు, 1983 నాటి పులుల సంరక్షణ బిళ్లపై పులికి ఉన్న సౌలభ్యం కూడా అదే. చూడగానే జాలియో, గౌరవమో కలుగుతుంది. మరి పంట చేనుకు ముఖమేది?

న్యాల్‌కల్, ఝరాసంగం ప్రాంతాల చేలను చూస్తే ఈ ప్రశ్న ఎంత కఠినమైనదో తెలుస్తుంది. పాత పద్ధతిని విడువని రైతులు ఒకే చేనులో జొన్న, సజ్జ, కొర్ర, కంది, పెసర, మినుము, అనుము, నువ్వు, పుంటికూర కలిపి విత్తుతారు. ఒక పంట వాన చాలక ఎండినా మరొకటి చేతికి వస్తుంది. పప్పుజాతి మొక్కలు గాలిలోని నత్రజనిని నేలలో నిలుపుతాయి. విత్తకుండానే చేనులో మొలిచే ఆకుకూరలు వంటింటికి చేరుతాయి. యాసంగిలో నల్లరేగడి నేలలపై నీరు పెట్టకుండా, మంచుకే పండే శనగ, కుసుమ, అవిసె వంటి వాటిని ఇక్కడివారు ‘సత్యం పంటలు’ అంటారు. ఎంత చక్కని పేరు! పస్తాపూర్ కేంద్రంగా 1983 నుండి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఈ విత్తనాలను కాపాడి, అలంకరించిన ఎడ్లబండ్లపై పాత పంటల జాతరగా ఊరూరా త్రిప్పుతూ వచ్చాయి. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి లభించింది. ఇంకొక వైపున, 2016లో కేంద్రం ఆమోదించిన జాతీయ పెట్టుబడి, తయారీ మండలికై ఈ రెండు మండలాలలోనే పన్నెండు వేల ఎకరాలకు పైగా భూమిని నిర్దేశించారు. చేను పోతే పంట ఒక్కటే కాదు, ఆ కలయిక కూడా పోతుంది.

భారతదేశపు ప్రతిపాదనపై ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడాది మార్చి 18న న్యూఢిల్లీలో చిరుధాన్యాల స్మారక తపాలా బిళ్ల విడుదలైంది. ఇది సంతోషించదగిన విషయం. కాని న్యాల్‌కల్ రైతు కాపాడుతున్నది ఒక ధాన్యాన్ని కాదు. విడిగా ఒక జొన్నకంకిని గీస్తే, వందల ఎకరాలలో జొన్న ఒక్కటే వేసిన చేనుకు కూడా ఆ బొమ్మ సరిపోతుంది. ఇరవై పంటలను ఒకే బిళ్లలో ఇరికిస్తే ఆకుపచ్చని మరక మిగులుతుంది.

దీనికి తపాలా శాఖ వద్దనే ఒక ఉపాయమున్నది. కొన్ని బిళ్లలను ఒకదాని ప్రక్కన ఒకటి అతికి ఉండేట్లు, బొమ్మ ఒకదానినుండి మరొకదానికి సాగేట్లు ముద్రిస్తారు. జొన్న ఒక బిళ్లలో, దాని నీడన అనుము మరొక దానిలో, ప్రక్కన కంది, క్రింద పుంటికూర. నాలుగూ కలిస్తేనే చేను. ఉత్తరానికి ఒక్క బిళ్ల కావలసి రంధ్రాల వెంబడి చింపినప్పుడు చేను చినుగుతుంది. నా దృష్టిలో న్యాల్‌కల్‌కు తగిన రూపం ఇదే. ఎడ్లబండిని గీయాలనేవారు కూడా ఉంటారు. బండి అందంగానే ఉంటుంది గాని, అది జాతరను చూపుతుంది, నేలను చూపదు.

విద్యార్థులారా! బాలల దినోత్సవపు బిళ్లలు మన దేశంలో 1957 నుండి వెలువడుతున్నవి. పిల్లలు గీసిన చిత్రాలు కూడా వాటిపై అచ్చయినవి. మీరును ఒక నాలుగు బిళ్లల చేనును రూపొందించండి. కాగితంపై ఒక్కొక్క బిళ్లను నాలుగింతల పెద్దదిగా గీసి, అసలు పరిమాణానికి తగ్గించి చేయిచాపు దూరంలో ఉంచి చూడండి. కంటికి అందని గీతలను తీసివేయండి. పిమ్మట దానిని మీ ఇంట సేద్యం చేసిన పెద్దవారి చేతికిచ్చి, ఏ ఏ పంటలు కనబడుతున్నవో అడగండి. వారు చెప్పిన పేర్లను చిత్రం వెనుక వ్రాసి తరగతికి తీసుకొని రండి.