ఇంటి దారికి అతుకు వేయాలా, తవ్వి కొత్తగా వేయాలా?

రోలుగుంట: వానలు వెనకపట్టి కోతలు మొదలయ్యేసరికి చాలామంది రైతులకు ఇంటి ముందు దారి గుర్తుకొస్తుంది. ధాన్యం బస్తాలతో వచ్చిన ట్రాక్టరు రోడ్డు దిగి వాకిట్లోకి తిరిగేచోటే చక్రం దిగబడుతుంది. అప్పటికప్పుడు నాలుగు ఇటుక ముక్కలు, రెండు గంపల మట్టి వేసి ఎలాగో లాగిస్తారు. మళ్ళీ ఏడాది అదే గుంత, కాకపోతే ఇంకాస్త పెద్దది.

మన పల్లెల్లో ఇంటికి సొంతంగా తారు దారి ఉన్నవారు తక్కువే. రోడ్డు వార ఇల్లు కట్టుకున్నవారు, రోడ్డు వేసేటప్పుడు పనివాళ్ళని బతిమాలి వాకిలి దాకా వేయించుకున్నవారు కొందరున్నారు. మిగతావారిది గ్రావెల్ దారి, లేదంటే ఉత్త మట్టిబాట. ఏదైనా సరే, అది చెడినప్పుడు రైతు ముందుకొచ్చే ప్రశ్న ఒకటే. అతుకుతో సరిపోతుందా? మొత్తం తీసి వేయాలా? ఇందులో పొరబడితే నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు ఒక్క వానకాలంలో కొట్టుకుపోతుంది.

నా అనుభవమే చెబుతాను. కొన్నేళ్ళ క్రితం మా ఊరి దగ్గర రోడ్డు పని జరుగుతోంది. సాయంత్రం పూట ఒకాయన వచ్చి, మిక్సు కొంచెం మిగిలిపోయింది, చీకటి పడేలోగా మీ వాకిలి దాకా పరిచేస్తాం, సగం ధరకే, డబ్బు మాత్రం ఇప్పుడే ఇవ్వాలన్నాడు. ఇంతకంటే చవగ్గా ఎక్కడొస్తుందని సరేనన్నాను. గడ్డి కూడా చెక్కకుండా మట్టి మీదే పరిచారు, రోలరు రెండుసార్లు తిప్పారు, వెళ్ళిపోయారు. నల్లగా నిగనిగలాడిపోయింది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. శ్రావణంలో వానలు పట్టుకోగానే అంచులు అప్పడంలా లేచాయి. ట్రాక్టరు ఒక్కసారి వచ్చి వెళ్ళేసరికి పెళ్ళలు పెళ్ళలుగా ఊడిపోయింది. ఆ పెళ్ళలు తీయించడానికి మళ్ళీ కూలీలకి ఇచ్చుకోవలసి వచ్చింది.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత తెలిసింది. వేడి తారు మిక్సు ప్లాంటు నుంచి సుమారు 150 డిగ్రీల వేడితో బయలుదేరుతుంది. అది 100 డిగ్రీల కిందికి చల్లారకముందే రోలరు తొక్కుడు పూర్తి కావాలి. పొద్దుటి నుంచి మిగిలి ఉన్న సరుకు సాయంత్రానికి చల్లారిపోతుంది. చల్లారినదాన్ని ఎంత తొక్కినా రాయీ రాయీ అతకదు. పైగా మా దారికి అడుగున రాతి పరుపే లేదు. మీ ఇంటికి కూడా ఎవరైనా ఇలా "మిగిలిన తారు" అంటూ వస్తే మర్యాదగా పంపేయండి.

అసలు శత్రువు నీరే

రోడ్డు పనివాళ్ళ నోట డబ్ల్యూబీఎం అనే మాట వింటుంటాం. అందులో చివరి ఎం అంటే మెకాడం. అది మనిషి పేరు. స్కాట్లాండులో పుట్టిన రోడ్ల ఇంజనీరు జాన్ మెకాడం (1756-1836) చెప్పిందేమంటే, బండి బరువును చివరికి మోసేది కింద ఉన్న నేలే. అది పొడిగా ఉన్నంతకాలం మోస్తుంది. పైన పరిచే రాయి ఆ నేలను తడవనివ్వని కప్పు. దమ్ము చేసిన మడిలో కాలు దిగుతుంది, అదే మడి వేసవిలో గునపానికి కూడా లొంగదు. ఇది రైతుకు ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. దారికీ అదే లెక్క.

అందుచేత దారి బాగుచేసే ముందు ఒక మంచి వానలో గొడుగు పట్టుకుని బయటికి రండి. నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయి, ఎక్కడ నిలుస్తున్నాయి, వాన వెలిశాక ఎంతసేపటికి ఇంకుతున్నాయి చూడండి. ఇంటి చూరు నీళ్ళు, పశువుల సాల నీళ్ళు దారి మీదికే పడుతున్నాయేమో గమనించండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఏ దారి ఎక్కడ తెగిందో చాలా ఊళ్ళలో ఇప్పటికీ చెబుతారు. అటువంటి గుర్తులు కూడా పనికొస్తాయి.

ఇంకో చిక్కు ఈమధ్య ఎక్కువైంది. ఉపాధి హామీ నిధులతో ఊళ్ళలో వీధులకు సీసీ రోడ్లు వేశారు. 2024 అక్టోబరులో పల్లె పండుగ పేరుతో రాష్ట్రమంతా ఈ పనులు మొదలుపెట్టారు. రోడ్డు బాగానే ఉంది కాని, చాలాచోట్ల వీధి అర అడుగు లేచి ఇంటి వాకిలి పల్లమైపోయింది. వీధి నీళ్ళు లోపలికే వస్తాయి. ఇటువంటిచోట గుంతకు అతుకు వేసి లాభం లేదు. ముందు వాకిలిని గ్రావెల్‌తో ఎత్తు చేయాలి, లేదా వీధి అంచున అడ్డంగా చిన్న కాలువ తీసి నీటిని పక్కకు తిప్పాలి.

రోడ్డు పక్క కాలువను మట్టితో పూడ్చి ఇంట్లోకి దారి చేసుకోవడం మనవాళ్ళకున్న పెద్ద దురలవాటు. ఆ నీరు అక్కడే నిలిచి మీ దారినీ, పక్కనున్న రోడ్డునూ రెంటినీ తినేస్తుంది. చోడవరం మీదుగా నర్సీపట్నం వచ్చే భీమిలి రోడ్డు గుంతలను మనమంతా తిట్టుకున్నవాళ్ళమే. గుంతలకు లారీల బరువు ఒక్కటే కారణం కాదు, కాలువ పోక నిలిచిన నీరు కూడా కారణమే. కాలువ మీద కనీసం అడుగు వెడల్పున్న సిమెంటు తూము వేసి దానిపై దారి వేసుకోవాలి. ఆ స్థలం మీది కాదు కనక ముందుగా పంచాయతీలో గాని, రోడ్డు ఎవరిదైతే ఆ శాఖ కార్యాలయంలో గాని అడిగి చేయండి.

గునపం పరీక్ష

నీటి సంగతి తేలాక దారి సంగతి. తారు మీద ఒంటి పగులు పొడుగ్గా ఉండి, రెండు పక్కలా గట్టిగా ఉంటే భయం లేదు. దుమ్ము ఊదేసి, తారు ఎమల్షన్ పోసి, సన్న ఇసుక చల్లితే నీరు దిగదు. అదే పగుళ్ళు ఎండిన చెరువు అడుగులా నెర్రెలు నెర్రెలుగా అల్లుకుని ఉంటే జబ్బు అడుగున ఉన్నట్టు. వానాకాలంలో ఆ నెర్రెల్లోంచి బురద పైకి చిమ్ముతుంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

చెడినచోట ఒకటి, బాగున్నచోట ఒకటి, అడుగు చదరాన గునపంతో తవ్వి చూడండి. తారు పొర ఎంత మందం, దాని కింద కంకర ఎన్ని అంగుళాలు, ఆ కింద నేల ఎర్రదా, రేగడా, తడిగా ఉందా అన్నీ తెలిసిపోతాయి. కంకర నాలుగైదు అంగుళాలుండి గట్టిగా ఉంటే అతుకు నిలుస్తుంది. కంకర మట్టిలో కూరుకుపోయి విడివిడిగా చేతికొస్తుంటే ఆ భాగం తీయాల్సిందే. నెర్రెలు దారిలో మూడో వంతుకు మించి ఉంటే అతుకుల ఖర్చు దండగ, మొత్తం తీయడమే మేలని నా అభిప్రాయం. నెర్రెల మీదే ఇంకో పొర తారు గాని, పల్చగా సిమెంటు గాని వేయించుకునేవారున్నారు. కింద పగులు ఎక్కడుందో కొత్త పొరలోనూ అక్కడే పైకి వస్తుంది.

అతుకు వేసే పద్ధతి

గుంత ఎలా ఉంటే అలా నింపేయకూడదు. చుట్టూ గట్టి భాగం తగిలేదాకా నలుపలకగా కోయాలి, అంచులు గోడలా నిట్టనిలువుగా ఉండాలి. ఏటవాలు అంచు మీద వేసిన సరుకు పల్చబడి ముందుగా అక్కడే ఊడుతుంది. లోపలి బురద, దుమ్ము, నీరు అంతా తీసి ఆరనివ్వాలి. అడుగు మెత్తగా ఉంటే కంకర, క్రషర్ పొడి కలిపి వేసి దిమ్మిసతో కొట్టాలి. అడుగుకూ అంచులకూ ఎమల్షన్ పూయాలి. ఇది మజ్జిగలో వెన్న ఉన్నట్టు నీళ్ళలో తారు కలిసి ఉండే ద్రవం. పూసినప్పుడు గోధుమ రంగులో ఉంటుంది. నీరు విడిపోయాక నల్లబడుతుంది. నల్లబడ్డాకే మిక్సు నింపాలి. తొందరపడితే పట్టదు.

ఒక ఇంటి గుంతల కోసం వేడి మిక్సు తేవడం జరిగే పని కాదు. చల్లగానే వాడుకునే గుంతల మిక్సు సంచుల్లో వస్తోంది, పట్టణంలో రోడ్డు సామాను అమ్మేవారిని అడగండి. రెండడుగుల చదరం, మూడంగుళాల లోతు గుంతకు సుమారు 60 కిలోలు పడుతుంది. ఒకేసారి నింపకుండా రెండు వరసలుగా వేసి, ప్రతి వరసనూ దిమ్మిసతో కొట్టాలి. చివరికి చుట్టుపక్కల కంటే పావు నుంచి అర అంగుళం ఎత్తుగా ఉంచితే చక్రాలు తొక్కి సమం చేస్తాయి. తారు డ్రమ్మును వాకిట్లో కట్టెల మీద కాచే ప్రయత్నం మాత్రం వద్దు. ఒంటి మీద పడిన వేడి తారు చర్మానికి అతుక్కుని లోపలిదాకా కాలుస్తుంది.

తారుకు మరో శత్రువు డీజిలు. ట్రాక్టరు నిలిపేచోట చుక్కలు చుక్కలుగా కారిన డీజిలు తారును కరిగించేస్తుంది. అక్కడ ఎన్ని అతుకులు వేసినా మెత్తబడుతూనే ఉంటాయి, ఆ చోటుకు సిమెంటో గ్రావెలో వేసుకోండి. దమ్ముకు వాడే ఇనప చక్రాలు అయితే ఏ తారునైనా ఒక్క రోజులో చీల్చేస్తాయి. అవి పొలం గట్టునే విప్పి రావాలి.

కొత్తగా వేస్తే ఏది?

లెక్క కోసం 60 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు దారి అనుకుందాం. రెండంగుళాల తారు వేయాలంటే ఆరున్నర టన్నుల మిక్సు చాలు. అది టిప్పరుకు నిండు లోడు కూడా కాదు. దానికోసం ప్లాంటూ, రోలరూ ఎవరూ పంపరు. నాలుగైదు ఇళ్ళవారు కలిస్తే తప్ప చిన్న రైతుకు కొత్త తారు దారి గిట్టదు.

గ్రావెల్ అన్నిటికంటే చవక. తొక్కిన తర్వాత ఆరంగుళాలు నిలవాలంటే 400 ఘనపుటడుగుల సరుకు కావాలి, అంటే సుమారు నాలుగు ట్రాక్టరు లోడ్లు. మూడేసి అంగుళాల వరసలుగా వేసి, నీళ్ళు చల్లి, రోలరు దొరక్కపోతే లోడు ట్రాక్టరుతోనే తొక్కించాలి. నడుమ ఎత్తుగా, అడుగుకు అర అంగుళం చొప్పున రెండు పక్కలకూ వాలు ఉంచాలి. పాత తారు పెళ్ళలుంటే పొలంలోనో పెంటకుప్పలోనో పారేయకండి, కాల్చకండి. సమ్మెటతో పగలగొట్టి ఈ గ్రావెల్ కింద పరుపుగా వేస్తే బాగా బిగుస్తాయి. ఏటా సంక్రాంతి వెళ్ళాక అర లోడు గ్రావెల్‌తో పల్లాలు సర్దుకుంటే ఈ దారి ఏళ్ళ తరబడి నడుస్తుంది. చేతిలో డబ్బు లేనప్పుడు అప్పు చేసి సిమెంటు వేయడం కంటే ఇదే మంచిదంటాను.

సిమెంటు వేయగలిగినవారు కూడా మొత్తం వెడల్పు పోయనక్కర్లేదు. ఆరంగుళాల మందంతో పది అడుగుల వెడల్పూ పోస్తే దాదాపు 68 బస్తాలు పడుతుంది. చక్రాలు పోయేచోట మాత్రం రెండేసి అడుగుల పట్టీలు రెండు పోస్తే 27 బస్తాలతో అయిపోతుంది. నడుమ గ్రావెల్ వేయవచ్చు. మీ ట్రాక్టరు, తొట్టి చక్రాల ఎడం టేపుతో కొలిచి, దాన్నిబట్టే పట్టీలు వేయించండి. అయితే ధాన్యం, జీడిపిక్కలు ఆరబోసుకోవడానికి కళ్ళం లేనివారికి మొత్తం పోయడంలో వేరే లాభముంది. రోడ్డు మీద ఆరబోసి ప్రమాదాలు తెచ్చుకునే బాధ తప్పుతుంది. ఆ లెక్క ఎవరికి వారు చూసుకోవాలి.

మేస్త్రీ పని జరిగేటప్పుడు పక్కనే ఉండండి. సిమెంటు బస్తాకు నీళ్ళు 25 లీటర్లకు మించకూడదు. పారేలా కలిపితే వాళ్ళకు పని సులువు, మీకు పెచ్చులూడే దారి. పది పన్నెండు అడుగులకొకచోట అడ్డంగా జాయింటు విడవాలి, లేకపోతే పగులు దానికి నచ్చినచోట వస్తుంది. పది అడుగుల వెడల్పుకు ఒక పక్కకు రెండున్నర అంగుళాల వాలు ఉండాలి. ఇంటి గోడ వైపు మాత్రం వాలనివ్వకండి.

జనవరి నుంచి మార్చి దాకా ఈ పనులకు అనువైన కాలం. పోసిన మర్నాటి నుంచి చుట్టూ మట్టి గట్లు కట్టి, మడిలా నీళ్ళు నిలిపి 14 రోజులు తడపాలి. ట్రాక్టరును కనీసం మూడు వారాలు, లోడుతో అయితే నెల రోజులు ఎక్కనివ్వకూడదు. అన్నాళ్ళూ బస్తాలు రోడ్డు మీంచి మోయించుకోవాలి కనక చెరకు తోలడం అయ్యాక, రెండో పంట కోతకు నెలా పదిహేను రోజులు ముందుండేలా పని మొదలుపెట్టించండి.