నల్లగింజ సోయా



క్రాసింగ్ చేయమని నీ చేతికి సోయా మొగ్గలు ఇచ్చారని అక్కయ్య చెప్పింది. ఆ పువ్వు విచ్చుకునేలోపే తన పుప్పొడి తానే అంటించుకుంటుంది. అందుకే మొగ్గలోనే పట్టుకుని, కేసరాలు తీసేసి, వేరే మొక్క పుప్పొడి రాయాలి. చాలా మొగ్గలు రాలిపోతాయి. అది చేతి అలవాటుతో తగ్గేదే. తల్లి, తండ్రి మొక్కల ఎంపిక దగ్గరే అసలు చిక్కు. ఎందుకో ఈ కథ చెబుతుంది.

1954లో అమెరికాలోని నార్త్ కరోలినా సోయా పొలాల్లో సిస్టు నులిపురుగు బయటపడింది. జపాన్ రైతులకు అది అంతకుముందే తెలుసు. ఆడ పురుగు వేరు పట్టుకుని నిమ్మకాయలా ఉబ్బుతుంది. అది చచ్చాక దాని ఒళ్ళే గుడ్ల సంచి. వందల గుడ్లు అందులో ఏళ్ల తరబడి మట్టిలో బతికుంటాయి. పైరు పచ్చగానే కనిపిస్తుంది, దిగుబడి మాత్రం పడిపోతుంది.

వేల రకాలను పరీక్షిస్తే, చైనా నుంచి తెచ్చిన 'పీకింగ్' తట్టుకుంది. దాని గింజ నలుపు. మార్కెట్‌కు కావలసింది పసుపు గింజ. పైగా తట్టుకునే జన్యువుల్లో ఒకటి గింజ రంగు జన్యువుకు ఆనుకునే ఉంది, రెండూ జంటగా పిల్ల మొక్కల్లోకి దిగేవి. ఆ జంట విడిపోయిన అరుదైన మొక్క కోసం తరాల తరబడి వెతికారు. అలా 1960లలో 'పికెట్' వంగడం వచ్చింది.

కొన్నేళ్లకే పికెట్‌ను తినగల నులిపురుగులు తయారయ్యాయి.

అప్పుడు చైనా నుంచే వచ్చిన మరో రకాన్ని వాడారు. దాని పేరు ఒక నంబరే: పి.ఐ. 88788. అది బాగా పనిచేసింది, అందరూ దాన్నే పట్టుకున్నారు. అమెరికా మధ్య రాష్ట్రాల్లో తట్టుకునే వంగడాల్లో అత్యధిక భాగానికి అదే మూలం. ఏటా అదే గుణం ఎదురవడంతో దానికీ అలవాటుపడ్డ పురుగులు పెరిగాయి. పి.ఐ. 88788 తట్టుకునే గుణం వెనక రహస్యం 2012లో తేలింది: ఆ రకంలో తట్టుకునే శక్తినిచ్చే మూడు జన్యువులున్న ఒక డి.ఎన్.ఎ. ముక్క పది దాకా ప్రతులుగా ఉంది, పీకింగ్‌లో మూడు, తట్టుకోలేని మొక్కలో ఒక్కటే. ఇప్పుడు ప్రజనన శాస్త్రవేత్తలు మళ్లీ పీకింగ్ వైపు చూస్తున్నారు.

మన ఆదిలాబాద్ సోయాకు తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు బెడద. శత్రువు వేరే, ప్రశ్న మాత్రం అదే: తట్టుకునే గుణమంతా ఒకే మూలం నుంచి వస్తోందా? రేపు క్రాసింగ్ పుస్తకంలో తండ్రి మొక్క పేరు రాసేటప్పుడు, దాని తట్టుకునే గుణం ఏ పాత రకం నుంచి వచ్చిందో పక్క గడిలో రాసిపెట్టు. ఆ గడి నిండా ఒకే పేరు కనిపిస్తే మీ గైడుకు చూపించు.

మీ మామయ్య