ఉబ్బసం గల పిల్లలు – ఫ్లూ జ్వరం: ముందు జాగ్రత్తలు

మా ఓడలరేవు వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న గ్రామం. ఇక్కడ ముసురు పట్టినా, చలిగాలి తిరిగినా ఉబ్బసం గల పిల్లల తల్లులకు నిద్ర ఉండదు. ఏళ్ల తరబడి ఇంటి వైద్యం తెలిసినవాడినని పేరున్న నేను సైతం ఈ విషయంలో ఒక పొరపాటు చేశాను. అది మరొక ఇంట జరుగకూడదనియే ఈ వ్యాసం.

మా మనుమడికి అప్పటికి ఏడేళ్లు. వైద్యుడు వ్రాసి ఇచ్చిన ఇన్‌హేలర్‌ను రోజూ పీలుస్తూ ఆరోగ్యంగానే ఉండేవాడు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకువెళ్లాం. మూడవ రోజున ఒక్కసారిగా తీవ్ర జ్వరం, ఒళ్లు నొప్పులు, పొడి దగ్గు మొదలయ్యాయి. మామూలు పడిశమే అనుకొన్నాను. తులసి, మిరియాల కషాయం ఇస్తూ, జ్వరంలో రెండు మందులు కలపరాదని ఇన్‌హేలర్ మాన్పించాను. పైగా గదిలో సాంబ్రాణి పొగ వేయించాను. రెండవ రాత్రి బిడ్డ పడుకొనలేక లేచి కూర్చున్నాడు. డొక్కలు ఎగురుతున్నాయి, మాట మధ్యలో తెగిపోతున్నది. తెల్లవారేలోగా అమలాపురం చేర్చి ప్రాణవాయువు పెట్టించవలసి వచ్చింది. పరీక్షలో ఇన్‌ఫ్లుయెంజా అని తేలింది. బిడ్డ కోలుకొన్నాడు గాని, మందు మాన్పించినది నేనే అన్న బాధ నన్ను నేటికీ విడువలేదు.

శాస్త్రం ఏమి చెప్పినది?

చరక సంహిత చికిత్సాస్థానం 17వ అధ్యాయంలో శ్వాసరోగం ఐదు విధాలుగా వర్ణింపబడినది. అందులో తమక శ్వాస మనం ఉబ్బసం అనేదానికి దగ్గరగా ఉన్నది. మొదట పీనసం, అనగా పడిశం, పిదప గొంతులో గురగుర, ఆయాసం కలుగుననియు, కూర్చుంటే కొంత సుఖమనియు, మబ్బు, వాన, చలి, తూర్పుగాలి వలన ఇది పెరుగుననియు అందు కలదు. శ్వాసరోగ కారణాలలో ధూళి, పొగ కూడా చెప్పబడినవి. పడిశం వెనుకనే ఆయాసం వచ్చునన్న ఈ మాటను నేను చదివియుండి కూడా మరచితిని.

నేటి వైద్యం దీనిని ఇట్లు వివరిస్తున్నది. ఉబ్బసం గల బిడ్డ శ్వాసనాళాలు ముందే వాచి సున్నితంగా ఉంటాయి. ఫ్లూ వైరస్ చేరగానే వాపు, కఫం పెరిగి నాళాలు ముడుచుకొంటాయి. ఉబ్బసం అదుపులో ఉన్నదనుకొన్న బిడ్డకు సైతం ఈ ప్రమాదం కలదు. 2009లో స్వైన్ ఫ్లూ ప్రపంచమంతటా వ్యాపించినప్పుడు మన దేశంలో తొలి కేసు హైదరాబాదులోనే బయటపడినది. ఆ ఏడు అనేక దేశాలలో ఆసుపత్రి పాలైన పిల్లలలో ఉబ్బసం ఉన్నవారు ఎక్కువగా కనిపించారు.

ఋతువుకు ముందే చేయవలసినవి

ఆయుర్వేదంలో నిదాన పరివర్జనం, అనగా రోగకారణాన్ని దూరం చేయుట, చికిత్సలో మొదటి మెట్టు. మన ప్రాంతంలో ఫ్లూ వానాకాలంలోను, మరల చలికాలంలోను విజృంభించును. కావున తొలకరికి ముందే, ఏప్రిల్, మే నెలలలో పిల్లల వైద్యుని కలిసి ఫ్లూ టీకా వేయించవలెను. ఆరు నెలలు నిండిన బిడ్డకు ఇది ఇవ్వవచ్చును. తొమ్మిదేళ్లలోపు వారికి మొదటిసారి నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులు అవసరం. వైరస్ రూపు మార్చుకొనును కనుక ఏటా వేయించవలెను. రక్షణ ఏర్పడుటకు సుమారు రెండు వారాలు పట్టును. సూదిమందుగా ఇచ్చే ఈ టీకాలో సజీవ వైరస్ ఉండదు, కనుక దాని వలన ఫ్లూ రాదు. అయితే ఇది ఇతర పడిశాలను ఆపదు, ఫ్లూను సైతం నూటికి నూరు పాళ్లు ఆపలేదు. వచ్చినా తీవ్రత తగ్గించుటకు తోడ్పడును. ఇంటి పెద్దలు కూడా వేయించుకొనుట మేలు.

కొబ్బరి మట్టలు, డొక్కలు పొయ్యిలో పెట్టే ఇళ్లలో బిడ్డను వంటింటికి దూరంగా ఉంచవలెను. దోమల చక్రాలు, సాంబ్రాణి, భోగి మంటల పొగ, చుట్ట పొగ తగలనీయరాదు. దోమలకు తెర కట్టుకొనుటయే ఉత్తమం. ఊరిలో జ్వరాలు ఎక్కువగా ఉన్నప్పుడు ప్రభల తీర్థం, అంతర్వేది తీర్థం వంటి రద్దీకి బిడ్డను తీసుకుపోకుండుట మంచిది. బయటినుండి వచ్చినవారు సబ్బుతో చేతులు కడిగిన పిమ్మటనే బిడ్డను ముట్టవలెను.

జ్వరం వచ్చినప్పుడు

1. రోజూ వాడే ఇన్‌హేలర్‌ను ఎట్టి పరిస్థితిలోను మాన్పరాదు. ఆయాసానికి వాడే రెండవ ఇన్‌హేలర్‌ను వైద్యుడు చెప్పిన రీతిన దగ్గర ఉంచుకొనవలెను.
2. మొదటి రోజుననే వైద్యునికి చూపవలెను. ఫ్లూ మందు 48 గంటలలోపు మొదలుపెట్టినప్పుడే ఎక్కువ గుణం.
3. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు.
4. డొక్కలు లోనికి పోవుట, పెదవులు నీలివర్ణమగుట, నీరు త్రాగలేకుండుట, మాట తెగుట కనిపించినా, నిద్రలో నిమిషానికి ఐదేళ్లలోపు బిడ్డకు 40, ఆ పైవారికి 30 దాటి శ్వాసలు లెక్కకు వచ్చినా, తెల్లవారే వరకు ఆగక వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవలెను.

ఇంటి వైద్యం – దాని హద్దు

గోరువెచ్చని నీరు, పలుచని గంజి, అల్లం వేసిన పలుచని పెసరకట్టు బిడ్డకు హాయినిచ్చును. ఏడాది దాటిన బిడ్డకు చెంచాడు తేనె దగ్గుకు ఉపశమనం. ఇవి గొంతుకు ఓదార్పే గాని, వైరస్‌ను చంపవు, ముడుచుకొన్న నాళాన్ని తెరువవు. కర్పూరం ముక్కులో గాని ఛాతీపై గాని రాయరాదు. మరుగు నీటి ఆవిరి వలన పిల్లలు కాలిన సందర్భాలు అనేకం, కనుక ఆ పని వద్దు.

నేటికీ మా ఇంట కషాయం కాచుట మానలేదు. అయితే మా మనుమడు మొదట ఇన్‌హేలర్ పీల్చిన పిమ్మటనే కషాయపు గిన్నె అందుకొంటాడు. ప్రతి వేసవిలో వాడితోపాటు మేమందరం టీకా వేయించుకొంటున్నాం. పాఠకులు తమ ఇంట కూడా ఈ క్రమాన్ని పాటించగలరని ఆశిస్తున్నాను.