బేస్‌బాల్ అంటే ప్రాణం, కాలేజీ అంటే బెంగ: అమెరికాలో తెలుగు తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్నలు

మావాడు నైన్త్ గ్రేడ్. బంతి బాగా విసురుతాడు. అయినా ఒక్క కాలేజీ కోచ్ కూడా ఫోన్ చేయలేదు. ఆశ వదులుకోవాలా?

వద్దు. కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ, దాని అగ్రశ్రేణి అయిన డివిజన్ 1కు పెట్టిన నిబంధనల ప్రకారం లెవెన్త్ గ్రేడ్‌కు ముందొచ్చే ఆగస్టు 1 దాకా కోచ్‌లు వాడికి గాని మీకు గాని ఫోన్ చేయకూడదు, మెసేజ్ పెట్టకూడదు. క్యాంపు బ్రోషర్లు మాత్రం పంపవచ్చు. బ్రోషర్ వచ్చిందంటే కోచ్ కన్ను పడినట్టు కాదు. ఫీజు కట్టేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇంత బాగా ఆడుతుంటే మార్కులు ఎవరు చూస్తారు?

అందరికంటే ముందు ఎన్‌సీఏఏ చూస్తుంది. డివిజన్ 1లో ఆడాలంటే హైస్కూల్లో 16 కోర్ కోర్సులు పూర్తిచేయాలి, వాటిలో జీపీఏ కనీసం 2.3 ఉండాలి. సీనియర్ ఏడాది మొదలయ్యేలోపే 10 కోర్సులు అయిపోవాలి, వాటిలో ఏడు ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ కావాలి. ఈ పదింటి లెక్కలోకి వచ్చిన కోర్సులను ఆ తర్వాత మళ్లీ చదివి గ్రేడు పెంచుకోవడం కుదరదు. టోర్నమెంట్ల కోసం టెన్త్ గ్రేడ్‌లో కెమిస్ట్రీ వదిలేసిన పిల్లవాడికి పన్నెండులో బంతికి ఎంత వేగం ఉన్నా ఈ లోటు పూడదు. అందుకే నైన్త్‌లోనే స్కూల్ కౌన్సెలర్‌తో కూర్చుని, మీ స్కూల్ కోర్సుల్లో ఏవి ఎన్‌సీఏఏ ఆమోదించినవో చూసుకోండి. ఎస్‌ఏటీ స్కోరును ఎన్‌సీఏఏ 2023 నుంచి అడగడం లేదు, కాలేజీ అడగవచ్చు.

ఫుల్ స్కాలర్‌షిప్ వస్తుందా?

బేస్‌బాల్‌లో అరుదు. 2024-25 సీజన్ దాకా డివిజన్ 1 జట్టు మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్‌లే, వాటినే పంచేవారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఎన్‌సీఏఏ ఒప్పందంలో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయింది, దాని బదులు జట్టులో 34 మందే ఉండాలన్న నియమం వచ్చింది. డివిజన్ 3, ఐవీ లీగ్ కాలేజీలు ఆటకని స్కాలర్‌షిప్ ఇవ్వవు. ఇంకో మాట: కోచ్ నోటిమాటగా ఇచ్చిన హామీ ఎవరినీ కట్టిపడేయదు. కాగితం మీద ఉన్నదే ఆఫర్.

చేయి దెబ్బతింటే?

దెబ్బతినకుండా చూడటం మీ హక్కు కూడా. పిచ్చర్ల చేతిని కాపాడేందుకు ఉన్న పిచ్ స్మార్ట్ మార్గదర్శకాల ప్రకారం 17, 18 ఏళ్ల పిచ్చర్ రోజుకు 105 బంతులు దాటకూడదు, 80 దాటితే నాలుగు రోజుల విశ్రాంతి తప్పనిసరి. లెక్క దాటిస్తున్న కోచ్‌ను మొహమాటపడకుండా అడగండి. ఇక 2024 ఆగస్టు నుంచి డివిజన్ 1 కాలేజీలు గాయం పేరుతో స్కాలర్‌షిప్ తీసేయకూడదు.

ప్రొఫెషనల్ జట్టు పిలిస్తే చదువు ఆగిపోవాలా?

డ్రాఫ్ట్‌లో పేరొచ్చినా సంతకం చేయక్కర్లేదు. పిచ్చర్ కుమార్ రాకర్‌నే చూడండి, అతని తల్లి తరఫు తాతయ్య, అమ్మమ్మ భారత్ నుంచి వెళ్లినవాళ్లే. 2018లో హైస్కూల్ అయ్యాక కొలరాడో రాకీస్ 38వ రౌండ్‌లో ఎంచుకున్నా, అతను వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో చేరాడు. 2022లో టెక్సస్ రేంజర్స్ అతన్ని మూడో పిక్‌గా తీసుకుంది. మంచి నిర్ణయమనే నా అభిప్రాయం.

మేం హెచ్-4 వీసా మీద ఉన్నాం. ఏమైనా ఇబ్బందా?

హైస్కూల్ జట్టులో ఆడటానికి అడ్డులేదు. చిక్కల్లా ఎన్‌ఐఎల్‌తో, అంటే ఆటగాడి పేరు, ఫొటో వాడుకున్నందుకు వచ్చే డబ్బుతో. 2021 జూలై నుంచి ఎన్‌సీఏఏ దీన్ని అనుమతిస్తున్నా, వీసా నిబంధనలు మారలేదు. సంతకానికి ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవండి. 21 నిండితే హెచ్-4 ఉండదు, ఎఫ్-1 విద్యార్థి వీసా ఏర్పాటు ముందే చూసుకోండి.

కోచ్‌లకు ఈమెయిల్ నేనే రాయొచ్చా?

రాయకూడదన్న నియమం లేదు. కానీ కాలేజీలో చేరిన రోజు నుంచి మార్కుల రికార్డు మీద హక్కు చట్టప్రకారం వాడిదే, మీది కాదు. ఆ బాధ్యత వాడికి ఇప్పటినుంచే అలవాటు కావాలి. పక్కన కూర్చోండి, తప్పులు దిద్దండి, ఉత్తరం మాత్రం వాడినే రాయనివ్వండి.