పాత ఇంటికి కొత్త తలుపులు, కిటికీలు: పని ఎక్కడ మొదలుపెట్టాలి?

రుద్రంగిలోనూ, ఇటు చందుర్తి, వేములవాడ, అటు కోరుట్ల వైపు పల్లెల్లోనూ రెండు రకాల ఇళ్లు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి తాతల నాటి మట్టిగోడల పెంకుటిల్లు. రెండోది దుబాయి, మస్కట్ పైసలతో లేచిన స్లాబు ఇల్లు. మొదటిదాంట్లో దర్వాజ (ద్వారబంధం) కింద చెదలు పడతాయి. రెండోదాంట్లో వానాకాలం రాగానే తలుపు ఉబ్బి పడదు, ఇనుప కిటికీ తుప్పుపట్టి తెరుచుకోదు. వీటికి కోతులు, దోమలు తోడు. విసిగిపోయిన ఇంటివాళ్లు అనే మాట ఒకటే: "అన్నీ పీకేసి కొత్తవి పెట్టిద్దాం."

ఆ మాట అనే ముందు ఒక్క పూట ఇల్లంతా తిరిగి చూడండి. పాత టేకు దర్వాజ గట్టిగా ఉంటే అంత ముదురు కట్టె ఈరోజు డిపోలో దొరకడం కష్టం. దాన్ని ఉంచి రెక్క మాత్రం మారిస్తే ఖర్చు తగ్గుతుంది, గోడ పగలదు. ఏది మార్చాలి, ఏది ఉంచాలి అన్నది తేల్చుకుంటే సగం పని అయినట్టే.

1. ముందు పరీక్ష

ఒక స్క్రూడ్రైవరు, ఒక టేపు, ఒక నోటుపుస్తకం తీసుకోండి. ప్రతి దర్వాజకూ కింది జానెడు భాగం చూడండి. కడప కడిగిన నీళ్లు నిలిచేది అక్కడే, చెదలు ఎక్కేదీ అక్కడి నుంచే. స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడవండి. మొన దిగకుండా గీత మాత్రం పడితే కట్టె బాగున్నట్టు. పొడి రాలుతూ అర ఇంచు లోపలికి దిగితే పుచ్చినట్టు. పైకి రంగు నిగనిగలాడుతున్నా తడితే డొల్ల చప్పుడు వస్తే లోపల చెదలు తిన్నట్టే. గోడ వెంట మట్టి గీతలు పాకాయేమో కూడా చూడండి.

తర్వాత దర్వాజ మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి. రెండు కొలతలు సమానంగా ఉంటే చతురం సరిగ్గా ఉన్నట్టు. తేడా అర ఇంచు దాటితే దర్వాజ ఒరిగింది. దానికి కొత్త రెక్క బిగించినా సరిగ్గా పడదు.

నోటుపుస్తకంలో ఒక్కోదాని ఎదురుగా మూడింట్లో ఒకటి రాయండి: ఉంచాలి, రెక్క మార్చాలి, మొత్తం మార్చాలి. కింద జానెడు మాత్రమే పుచ్చితే ఆ ముక్క కోసి అదే జాతి కట్టెతో అతుకు వేయించవచ్చు. పనితెలిసిన వడ్ల ఆయనకు (వడ్రంగికి) అది పెద్ద పని కాదు.

2. ఎప్పుడు చేయించాలి

సంక్రాంతి దాటాక మొదలుపెట్టి మిరుగు (మృగశిర కార్తె) లోపు ముగించండి. వానల్లో కట్టె తేమ పీల్చి ఉబ్బుతుంది. అప్పుడు సరిగ్గా బిగించిన తలుపు ఎండాకాలానికి సందులు విడుస్తుంది. లీవు మీద ఊరికొచ్చిన కొడుకు తిరిగి వెళ్లేలోపు అన్నీ అయిపోవాలని తొందరపడే ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది: పచ్చి కట్టె కొనేస్తారు. అది గోడలోకి ఎక్కాక ఎండి వంకర తిరుగుతుంది. కట్టెను రెండు మూడు నెలల ముందే కొని, కోయించి, నీడలో మధ్య మధ్య పట్టీలు పెట్టి గాలి ఆడేలా పేర్చుకుంటే ఆ బాధ తగ్గుతుంది.

3. దేనికి ఏ సరుకు

వాకిలి తలుపుకు టేకుకు మించింది లేదు. పొలం గట్టున సొంత టేకు చెట్టు ఉన్నా, కొట్టే ముందు, తరలించే ముందు అటవీ శాఖ అనుమతి అడిగి తెలుసుకోండి. 2002 నాటి వాల్టా చట్టం చెట్ల నరికివేతకూ వర్తిస్తుంది. లోపలి గదుల దర్వాజలకు బాగా ఎండిన వేప సరిపోతుంది. ఆ గదుల రెక్కలకు ఫ్లష్ డోర్లు చాలు. వాటి మీద ఐఎస్ 2202 ముద్ర చూసుకోండి. బాత్రూముకు కట్టె వద్దు. కట్టె పొడి, ప్లాస్టిక్ కలిపి చేసే డబ్ల్యూపీసీ దర్వాజ, రెక్క పెట్టండి. నీళ్లకు ఉబ్బదు, చెద పట్టదు.

కిటికీలకు ఈమధ్య అందరూ యూపీవీసీ అడుగుతున్నారు. మన దగ్గర వేసవిలో 45 డిగ్రీల దాకా కాసే ఎండకు బోలు ప్లాస్టిక్ ఒక్కటే నిలవదు, లోపల జింకు పూత వేసిన ఉక్కు పట్టీ ఉండాలి. దుకాణంలో అడ్డంగా కోసిన ముక్క చూపించమని అడగండి. పక్కకు జరిపే కిటికీ అయితే లోపలి లాకు తప్పనిసరి, లేకపోతే కోతి నెట్టేస్తుంది. కోతుల బెడద ఉన్నచోట బయట ఇనుప గ్రిల్లు కూడా ఉండాలి. చువ్వల మధ్య సందు ఎక్కువైతే పిల్లకోతి దూరుతుంది. దోమల జాలీ స్టీలుదైతే ఎక్కువ కాలం ఉంటుంది.

అద్దం టఫెన్డ్ అయితే ఐఎస్ 2553 ముద్ర ఉండాలి. టఫెన్డ్ అద్దాన్ని తయారయ్యాక కోయలేరు కాబట్టి కొలత తేలకముందే ఆర్డరు ఇవ్వకండి.

4. కట్టె లెక్క మీరే వేసుకోండి

డిపోలో కట్టెను సీఎఫ్‌టీ, అంటే ఘనపుటడుగుల లెక్కన అమ్ముతారు. ఆ లెక్క చాలా సులువు. 7 అడుగుల ఎత్తు, 3.5 అడుగుల వెడల్పు ఉన్న వాకిలి దర్వాజ అనుకోండి. నిలువు కట్టెలు రెండు 14 అడుగులు. పైది, కింది కడప కలిపి 7 అడుగులు. మొత్తం 21 అడుగులు. కట్టె వెడల్పు 5 ఇంచులు, మందం 3 ఇంచులు అయితే 5ను 3తో గుణిస్తే 15. 21ని 15తో గుణించి 144తో భాగిస్తే 2.19 సీఎఫ్‌టీ. అతుకులకు, తరుగుకు పదో వంతు కలిపితే దాదాపు 2.4. బిల్లులో మూడు, మూడున్నర అని రాస్తే ఎందుకని అడగండి.

5. కొలతలు

పాత సందులో కొత్త కిటికీ పెట్టేటప్పుడు వెడల్పును పైన, నడుమ, కింద మూడు చోట్ల కొలవాలి. ఎత్తూ అంతే. మూడింట్లో తక్కువదే అసలు కొలత. ఉదాహరణకు వెడల్పు 1218, 1214, 1221 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. 1214 తీసుకుని అటు 5, ఇటు 5 వదిలి 1204కు ఆర్డరు ఇవ్వాలి. ఆ సందును తర్వాత ఫోమ్, సిలికాన్‌తో నింపుతారు.

తలుపు ఎటు తెరుచుకోవాలి, మడతబందులు ఏ వైపు రావాలి అన్నది బొమ్మ గీసి రాయండి. గల్ఫ్‌లో ఉన్న మనిషికి వాట్సాప్‌లో ఫోటో పంపి అడిగేవాళ్లు టేపు పరిచి, అంకెలు కనబడేలా తీసి పంపండి.

6. మాట, కాగితం

కూలి రోజు లెక్కనా, పని గుత్తకా? బందులు, గొళ్లాలు, స్క్రూలు ఎవరు తేవాలి? పగిలిన గోడకు ప్లాస్టరు ఎవరిది? తీసిన పాత కట్టె ఎవరికి? ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. పాత టేకుకు విలువ ఉంది. దాంతో చిన్న కిటికీ రెక్కలో, పూజగది తలుపులో వస్తాయి.

7. పాతది తీయడం

ఇది మీ చేతులతో చేయకండి. పాత పెంకుటిళ్లలో చాలాచోట్ల దర్వాజ పైన లింటెల్ ఉండదు, గోడ బరువు దర్వాజ పైకట్టె మీదే ఉంటుంది. దాన్ని గుంజితే గోడ కూలుతుంది. ముందు గోడకు రెండు వైపులా మొద్దులతో పోటు పెట్టించి, అప్పుడే తీయాలి. ముందుగా రెక్క విప్పాలి, తర్వాత నిలువు కట్టెను నడుమ కోసి రెండు ముక్కలుగా లాగాలి. మొత్తంగా పెకిలిస్తే మట్టిగోడ పెళ్లలుగా రాలుతుంది. అద్దాలకు అడ్డదిడ్డంగా టేపు అంటించి తీయాలి. రోజుకు ఒకటి రెండు సందుల కంటే ఎక్కువ తెరవొద్దు. రాత్రికి ఇల్లు మూతపడాలి కదా.

వాకిలి కడప కదిలించేటప్పుడు పెద్దవాళ్లను అడిగి ముహూర్తం పెట్టుకోవడం మనకు ఆనవాయితీ. కొత్త దర్వాజ నిలబెట్టే రోజు పసుపు కుంకుమలు, నవధాన్యాల మూట, వడ్ల ఆయనకు బట్టలు ముందే సిద్ధం చేసుకోండి. వాకిలి స్థానం జరపాలనుకుంటే ఆ మాట కట్టె కొనకముందే తేల్చుకోవాలి.

8. కొత్తది నిలబెట్టడం

గోడలోకి వెళ్లే ముఖాలకు ముందే చెద మందు, ప్రైమరు పూయించండి. గోడ ఎక్కాక ఆ వైపు చేయి దూరదు. దర్వాజను నిలబెట్టి గుండుతో నిలువు, రసమట్టంతో అడ్డం, మూలమట్టంతో మూలలు చూడాలి. ఒక్కో వైపు మూడు హోల్డ్‌ఫాస్టులు, ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ల ఇసుక మాలు. వారం రోజులు నీళ్లు కొట్టాలి. అప్పటిదాకా రెక్క బిగించొద్దు, దర్వాజ నడుమ అడ్డకట్టె తీయొద్దు.

రెక్క బిగించేటప్పుడు రెండు పక్కలా, పైన రెండు రూపాయి బిళ్లలు పట్టేంత సందు, కింద ఇంకొంచెం ఎక్కువ ఉండాలి. ఏడడుగుల తలుపుకు మూడు బందులు కావాలి. స్క్రూకు ముందు సన్న బెజ్జం వేయించండి. సుత్తితో కొట్టిన స్క్రూ ఏడాదికే ఊడుతుంది.

9. చివరి తనిఖీ

తలుపు సగం తెరిచి వదలండి. దానంతట అది కదలకుండా ఉంటే దర్వాజ నిలువు సరిగ్గా ఉన్నట్టు. కిటికీ మీద బయటి నుంచి బకెట్టు నీళ్లు చల్లి లోపలికి చెమ్మ వస్తుందేమో చూడండి. ఆఖరుగా రెక్క పై అంచు, కింది అంచు వేలితో తడమండి. రంగు వేసేవాళ్లు కంటికి కనబడని ఆ రెండు అంచులే వదిలేస్తారు, వాన తేమ కట్టెలోకి ఎక్కేదీ అక్కడి నుంచే. ఆ అంచులకు రెండు కోట్లు పడేదాకా పని అయిందని ఒప్పుకోకండి, చివరి పైకం ఇవ్వకండి.