అల్లిక పొట్టిగా వస్తోంది, ఎందుకు?

ప్రశ్న: మాది మొవ్వ. పాపకు క్రోషే గౌను అల్లుతున్నాను. పుస్తకం చూసి డబుల్ క్రోషే వేస్తున్నా పొట్టిగా వస్తోంది. అల్లేవాళ్లను అడిగితే తలోమాట చెబుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, తప్పు మీ చేతిది కాకపోవచ్చు. అమెరికా పుస్తకాల్లో డబుల్ క్రోషే అంటే సూదికి ముందు ఒకసారి దారం చుట్టి వేసే పొడవు కుట్టు. బ్రిటిష్ పుస్తకాల్లో దాన్నే ట్రెబుల్ అంటారు. వాళ్ల డబుల్ పొట్టిది. ఎక్కడైనా సింగిల్ క్రోషే అని ఉందేమో చూడండి. ఉంటే అది అమెరికా పద్ధతే, పొడవు కుట్టే వేయాలి.

అల్లేవాళ్లను నోటిమాటగా అడగొద్దు. పుస్తకం, సూది, అల్లిన ముక్క తీసుకెళ్లి, తేడా వచ్చిన ఒక్క వరుస వాళ్ల చేత అల్లించుకుని, పక్కనే కూర్చుని కుట్లు లెక్కపెట్టండి. అప్పటికీ కుదరకపోతే విప్పేయకుండా నరసాపురం లేసు అల్లేవారికి నేరుగా చూపించండి. నరసాపురానికి గుడివాడ నుంచి రైలుంది.